ఆ పది రోజుల మౌనం

2019 ఏప్రిల్ 27, శనివారం. ఈస్టర్ వెళ్లి ఇంకా వారం తిరగలేదు. మా మందిరానికి వచ్చే ఒక సోదరి పొద్దున్నే ఫోన్ చేశారు. గొంతు వణుకుతోంది. "అన్నయ్యగారూ, ఒక్కసారి ఇంటికి రాగలరా? మా పెద్దవాడు నిన్న మధ్యాహ్నం నుంచీ అన్నం ముట్టలేదు. గదిలో కూర్చుని ఏడుస్తున్నాడు. ఏమైందిరా అంటే చెప్పను అంటున్నాడు. నాకు భయంగా ఉందండీ" అన్నారు.

ఆ రోజుల్లో ఏ తల్లికైనా భయం వేసేదే. తెలంగాణలో ఏప్రిల్ 18న ఇంటర్ ఫలితాలు వచ్చాయి. మార్కుల్లో తప్పులు, తల్లిదండ్రుల ధర్నాలు, ఒకరి తర్వాత ఒకరుగా పిల్లల ఆత్మహత్యలు. పొద్దున్నే పేపరు విప్పాలంటే చేతులు రాని రోజులవి. ఆ సోదరి కొడుకు కూడా ఇంటర్ రెండో సంవత్సరమే. మంచి మార్కులతో పాసయ్యాడని ఈస్టర్ ఆరాధన అయ్యాక ఆమే మాకు చెప్పారు. అయినా పదిహేడేళ్ల పిల్లవాడి మనసులో ఏముందో ఎవరు చెప్పగలరు? చొక్కా మార్చుకుని వెంటనే బయలుదేరాం.

కుర్రాడి కళ్లు ఉబ్బి ఉన్నాయి. పక్కన కూర్చున్నాం. భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు అవీ ఇవీ మాట్లాడాం. చివరికి గుమ్మం దగ్గర నిలబడ్డ చెల్లెలిని చూపించి "ముందు దాన్ని అవతలికి పంపండి అంకుల్, చెబుతాను" అన్నాడు. ఆ పిల్ల వెళ్లాక, తలుపు వేసి వచ్చి, గుసగుసగా చెప్పాడు. ముందు రోజు తెల్లవారుజామున స్నేహితులతో కలిసి మొదటి ఆటకు వెళ్లాడట. సినిమా పేరు 'ఎవెంజర్స్: ఎండ్‌గేమ్'. అందులో ఐరన్ మ్యాన్ చనిపోయాడట. చెల్లెలికి సోమవారం ఆటకు టిక్కెట్టు ఉంది. దాని చెవిన పడకూడదని ఇంట్లో ఎవరికీ నోరు విప్పలేదట.

మేము నవ్వేశాం. దారి పొడవునా ఏమేమో ఊహించుకుంటూ వచ్చిన గుండె తేలికపడి వచ్చిన నవ్వే అది. కానీ ఆ సంగతి అతనికి తెలియదు కదా! ముఖం మాడిపోయింది. "మీకు చెప్పకుండా ఉండాల్సింది అంకుల్" అన్నాడు.

ఆ మాట మమ్మల్ని చాలా రోజులు గుచ్చింది. మనసు విప్పమని గంటసేపు బతిమాలి, విప్పాక నవ్వడం ఏం పద్ధతి? అందుకే తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక అతన్ని పక్కకు పిలిచి క్షమించమని అడిగాం. ఆ ఐరన్ మ్యాన్ ఎవరో, మీరంతా ఎందుకంత ఏడ్చారో మాకు నేర్పమన్నాం. ఆ వేసవి సెలవుల్లో అతను పాత సినిమాలన్నీ వరసగా మాకు చూపించాడు. ఎండ్‌గేమ్‌తో కలిపి 22 సినిమాలు. అన్నింటినీ కళ్లు తెరుచుకుని చూశామని చెప్పం. కొన్నింటిలో నిద్రపోయాం. కానీ సినిమాల కంటే వాటి కోసం ఎదురుచూసినవాళ్ల కథ మాకు ఎక్కువ ఆసక్తిగా అనిపించింది. ఈ వారం ఆ కథే చెబుతాం. ముగింపు ముందే చెప్పేశామని ఎవరూ కోప్పడకండి. గడువు ఎప్పుడో తీరిపోయింది. ఆ గడువు సంగతి కూడా వస్తుంది.

ఎవెంజర్స్ అనే జట్టు పుట్టింది 1963లో, అమెరికాలో మార్వెల్ అనే సంస్థ వేసిన బొమ్మల కథల పుస్తకంలో. స్టాన్ లీ, జాక్ కిర్బీ దాని సృష్టికర్తలు. వేర్వేరు పుస్తకాల్లో వేర్వేరుగా తిరుగుతున్న వీరులను తెచ్చి ఒకే కథలో కూర్చోబెట్టారు. మన పెద్దలకు ఇది అర్థం కావాలంటే 1957 నాటి మాయాబజార్‌ను తలచుకోవాలి. ఎన్టీఆర్, ఏఎన్నార్, ఎస్వీఆర్ ఒకే తెర మీద కనబడితే జనం ఎలా విరగబడ్డారు! అక్కడ నటులు కలిశారు. ఇక్కడ కథలే వచ్చి కలుస్తాయి. అదొక్కటే తేడా.

సినిమాల్లో ఈ పని 2008లో మొదలైంది. ఆ ఏడాది వచ్చిన 'ఐరన్ మ్యాన్'లో కథ అయిపోయి, పేర్లన్నీ పడిపోయి, చాలామంది లేచి వెళ్లిపోయాక ఒక చిన్న సన్నివేశం వస్తుంది. నల్లకోటు వేసుకున్న ఒకాయన చీకట్లో నిలబడి, ఒక జట్టును కూడగట్టే ఆలోచన ఉందని హీరోకు చెబుతాడు. అంతే. హాలు ఖాళీ అయ్యేదాకా కూర్చున్నవాళ్లకే ఆ కబురు దక్కింది. అప్పటినుంచి ఈ సినిమాలకు వెళ్లేవాళ్లు చివరి పేరు పడేదాకా కదలడం మానేశారు. ఆశీర్వాద ప్రార్థన కాకముందే చెప్పులు వెతుక్కునే మా మందిరం జనం గుర్తొచ్చి మాకు నవ్వొచ్చింది. కుర్రాడికి చెబితే అతనూ నవ్వాడు. ఆ రోజుతో మా రాజీ పూర్తయిందని చెప్పాలి.

నాలుగేళ్లు ఆగాక 2012లో మొదటి 'ది ఎవెంజర్స్' వచ్చింది. అమెరికాలో తొలి వారాంతంలోనే 20 కోట్ల డాలర్లు దాటిన మొట్టమొదటి సినిమా అదే. మన దేశంలో అమెరికా కంటే వారం ముందు, ఏప్రిల్ 27న విడుదలైంది. అందులో ఒకచోట థోర్, లోకి అనే ఇద్దరిని దేవుళ్లని ఎవరో అంటే, కెప్టెన్ అమెరికా అనే వీరుడు దేవుడు ఒక్కడేననీ, ఆయన ఇలాంటి వేషం వేసుకోడనీ జవాబిస్తాడు. ఆ ముక్క వచ్చినప్పుడు కుర్రాడు సినిమా ఆపి, వెనక్కి తిప్పి, రెండోసారి వినిపించాడు. మమ్మల్ని ఒప్పించాలని అతని తాపత్రయం.

తర్వాత 2018 ఏప్రిల్ 27న 'ఇన్ఫినిటీ వార్' వచ్చింది. అన్నదమ్ములైన ఆంథోనీ రూసో, జో రూసో దర్శకులు. అందులో విలన్ థానోస్‌కు తెలుగులో గొంతు ఇచ్చింది మన రానా దగ్గుబాటి. లోకంలో తిండి, వనరులు అందరికీ చాలవు కనుక సగం ప్రాణులను తుడిచిపెట్టడమే న్యాయమని నమ్మే రాక్షసుడు ఈ థానోస్. అతను గెలుస్తాడు. అదీ ఆ సినిమా ప్రత్యేకత. చిటికె వేస్తాడు. సగం లోకం బూడిదై గాలికి కొట్టుకుపోతుంది. స్పైడర్ మ్యాన్ అనే పిల్లవాడు తనకు వెళ్లిపోవాలని లేదంటూ ఐరన్ మ్యాన్‌ను కరుచుకుని, అతని చేతుల్లోనే బూడిదవుతాడు. హాలులో దీపాలు వెలిగాక కూడా ఎవరూ లేవలేదని, పాప్‌కార్న్ డబ్బాలు అలాగే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారని మా కుర్రాడు చెప్పాడు. హీరో ఓడిపోయి ఇంటికి పంపించే సినిమా వాళ్లు అంతవరకూ చూడలేదు. తర్వాతి భాగానికి ఏడాది ఆగాలి.

ఈ ఆగడం ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ఒక్క ప్రశ్న పట్టుకుని 2015 జూలై 10 నుంచి 2017 ఏప్రిల్ 28 దాకా ఊరూవాడా గడిపినవాళ్లం మనం. టీ బడ్డీ దగ్గర, బస్సులో, పెళ్లి పందిట్లో అదే మాట. ఎండ్‌గేమ్ ముందు ఆ ఏడాది ప్రపంచమంతా అలాగే గడిపింది.

ఇన్ఫినిటీ వార్‌లో ఒక మాంత్రికుడు భవిష్యత్తులోకి తొంగిచూసి, 1,40,00,605 దారులున్నాయనీ, వాటిలో ఒక్కదానిలోనే మనం గెలుస్తామనీ చెబుతాడు. ఆ ఒక్క దారి ఏదో కనిపెట్టడానికి అభిమానులు పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. ఎవరికి వారు ఒక సిద్ధాంతం రాశారు. వాటిలో ఈ పేజీలో రాయడానికి వీల్లేని మోటు ఊహ కూడా ఒకటి ఉంది, చీమంత మనిషిగా మారే వీరుడి గురించి. తెలిసినవాళ్లు నవ్వుకోండి, తెలియనివాళ్లు వదిలేయండి. 2018 జూలైలో థానోస్ అభిమానుల ఇంటర్నెట్ బృందం ఒకటి తమలో సగం మందిని చీటీ తీసినట్టు బయటికి పంపేయాలని తీర్మానించుకుంది. మూడు లక్షల మందికి పైగా ఒక్క రోజులో బయటికి పోయారు. పోయినవాళ్లే ఎక్కువ సంబరపడ్డారట!

సినిమా పేరు కూడా డిసెంబరు 7 దాకా దాచారు. ఆ రోజు మొదటి ట్రైలర్‌తో పాటు పేరు బయటపెడితే 24 గంటల్లో 28 కోట్ల 90 లక్షల సార్లు చూశారు. అందులో ఐరన్ మ్యాన్ పాడైపోయిన అంతరిక్ష నౌకలో ఒంటరిగా చిక్కుకుని ఉంటాడు. తిండి లేదు, నీళ్లు లేవు, మర్నాటికి గాలి కూడా ఉండదు. దాంతో అభిమానులు అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు మొర పెట్టుకున్నారు, మా టోనీ స్టార్క్‌ను కాపాడండి మహాప్రభో అని. ముచ్చటేమిటంటే నాసా కసురుకోలేదు. ఆకాశాన్ని జల్లెడ పట్టి వెతకమని బదులిచ్చింది. చంద్రుడి మీదికి మనుషులను పంపిన సంస్థ అది. పిల్లల ఆటలో తానూ ఒక మాట కలిపింది. మా నవ్వు మళ్లీ గుర్తొచ్చి సిగ్గేసింది.

ఈ ఎదురుచూపులో సరదా లేని సంగతి కూడా ఒకటి ఉంది. ఇదే జట్టులోని బ్లాక్ పాంథర్ పాత్ర వేసిన నటుడు చాడ్విక్ బోస్‌మన్. ఇన్ఫినిటీ వార్‌కు రెండు నెలల ముందు, 2018 ఫిబ్రవరిలో అతని సొంత సినిమా 'బ్లాక్ పాంథర్' వచ్చింది. ఆ రోజుల్లో ఒక రేడియో కార్యక్రమంలో అతను మాట్లాడుతూ ఏడ్చేశాడు. నయంకాని క్యాన్సర్ ఉన్న ఇద్దరు చిన్నపిల్లలతో అతనికి పరిచయం ఉండేదట. ఈ సినిమా వచ్చేదాకా ఎలాగైనా బతకాలని వాళ్లు పట్టుబడుతున్నారని వాళ్ల తల్లిదండ్రులు చెప్పారట. ఒక సినిమా కోసం అంత పట్టుదలా అని మొదట అతనికీ అర్థం కాలేదట. తర్వాత తన చిన్నతనం గుర్తొచ్చిందట. క్రిస్మస్ ఎప్పుడొస్తుందా, పుట్టినరోజు ఎప్పుడొస్తుందా, ఫలానా బొమ్మ ఎప్పుడు చేతికొస్తుందా అని కాచుకున్న రోజులు. ఆ ఇద్దరు పిల్లలూ సినిమా రాకముందే చనిపోయారు.

క్రిస్మస్‌కు పాతిక రోజుల ముందు నుంచీ నక్షత్రం ఎప్పుడు కడతారని తండ్రి ప్రాణం తీసే పిల్లలు మన ఇళ్లలో లేరా? వాళ్లు ఎదురుచూసేది నక్షత్రం కోసమా, కొత్త బట్టల కోసమా, కేకు కోసమా అని మనం విడదీసి అడగం. ఎదురుచూడటం అన్నది పిల్లల ఒంట్లో ఉండే ఒక బలం. ఆ ఇద్దరు పిల్లలు దాన్నే ఆసరా చేసుకున్నారు.

మళ్లీ 2019కి వద్దాం. ఏప్రిల్ 2న అమెరికాలో టిక్కెట్ల అమ్మకం మొదలైతే సైట్లు మొరాయించాయి. జనం గంటల తరబడి తెర మీద క్యూలో నిలబడ్డారు. కొన్ని టిక్కెట్లు చేతులు మారి వందల, వేల డాలర్లు పలికాయి. మన దేశంలో ముందస్తు అమ్మకం మొదలైన ఒక రోజు చిల్లరలోనే పది లక్షల టిక్కెట్లు పోయాయని బుక్‌మైషో ప్రకటించింది. కొన్ని నగరాల్లో రాత్రీ పగలూ ఆటలు వేశారు. ఏ.ఆర్. రెహమాన్ మన అభిమానుల కోసం ప్రత్యేకంగా ఒక పాట కట్టారు, తెలుగులో కూడా. సినిమా నిడివి 3 గంటల 1 నిమిషం. ఏ ఘట్టంలో లేచి బాత్రూముకు వెళ్లి రావచ్చన్నదాని మీద అమెరికాలో పెద్ద చర్చ జరిగింది, అక్కడ ఇంటర్వెల్ ఉండదు కనుక. పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా వెళ్లినవాళ్లున్నారట. ఉపవాస ప్రార్థనకు రమ్మంటే గ్యాస్ ట్రబుల్ అనే మా యూత్‌ను తలచుకుని... సరే, ఈసారికి ఊరుకుంటాం.

విడుదలకు పది రోజుల ముందు పిడుగు పడింది. సినిమాలోని కొన్ని నిమిషాల దృశ్యాలు దొంగచాటుగా బయటికొచ్చాయి. ఆ రోజే, ఏప్రిల్ 16న, రూసో సోదరులు అభిమానులకు ఒక ఉత్తరం రాశారు. మీరు చూశాక, చూడనివాళ్లకు దయచేసి ఏమీ చెప్పకండి, మీకు ఎవరూ చెప్పకూడదని మీరు ఎలా కోరుకుంటారో అలాగే అన్నది దాని సారాంశం. ఉత్తరం కింద దర్శకుల సంతకాలున్నాయి. అంతే. చట్టం లేదు, జరిమానా లేదు, కాపలా లేదు.

మాకు అన్నింటికంటే ఆశ్చర్యం కలిగించింది ఇదే. అయిదు రోజుల్లో ప్రపంచమంతా కలిపి 120 కోట్ల డాలర్లు వసూలు చేసిన సినిమా అది. మన దేశంలో మొదటి రోజే 53 కోట్ల రూపాయలు. అంటే ఎన్ని కోట్ల నోళ్లు! అన్ని నోళ్లకూ ఒక రహస్యం తెలుసు. గుట్టు విప్పిన దుర్మార్గులు లేకపోలేదు. కావాలని అరిచి చెప్పి పారిపోయినవాళ్లూ ఉన్నారు. కానీ చాలామంది చెప్పలేదు. ఏప్రిల్ 26 నుంచి దర్శకులు మీరిక మాట్లాడుకోవచ్చని గడువిచ్చిన మే 6 వరకు పది రోజులు నోరు కట్టుకున్నారు. ఒకే బడిలో, ఒకే ఆఫీసులో, ఒకే ఇంట్లో చూసినవాళ్లూ చూడనివాళ్లూ పక్కపక్కనే ఉన్నారు. చూసినవాళ్లు చూడనివాళ్లను కాచుకున్నారు.

మా కుర్రాడు కడుపు మాడ్చుకున్నది అందుకే. ఈ సినిమాను అతను మొత్తం నాలుగుసార్లు చూశాడు. నాలుగుసార్లూ ఏడ్చాడు. "ముగింపు తెలిసి కూడా ఏడుపు వస్తోంది కదా, మరి ఇంత దాపరికం ఎందుకురా?" అని అడిగాం. అతను కొంచెం ఆలోచించి, "మొదటిసారి ఒక్కసారే వస్తుంది అంకుల్. అది చెల్లిది. నేనెందుకు తీసుకోవాలి?" అన్నాడు.

నాలుక మీద యాకోబు పత్రికలో ఉన్న హెచ్చరికలపై మేము ఎన్నో ప్రసంగాలు చేశాం. ఈ మాటకు సాటివచ్చే ఉదాహరణ ఒక్కటీ మాకు దొరకలేదు.

గుడ్ ఫ్రైడే నాడు మనం 12 నుంచి 3 దాకా ఏడు మాటల ధ్యానంలో కూర్చుంటాం. ఆ ఏడాది గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 19. సరిగ్గా వారానికి ఈ మూడు గంటల సినిమా వచ్చింది. మన కథకు ముగింపు అందరికీ తెలుసు. ఆదివారం తెల్లవారితే ఏమవుతుందో సండేస్కూలు పిల్లలు కూడా చెబుతారు. అయినా ఆరో మాట దగ్గరికి వచ్చేసరికి మా మందిరంలో ముసలమ్మలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు. తెలిసిన ముగింపు కన్నీళ్లను ఆపదని మాకు ఎప్పుడో తెలుసు. తెలియని ముగింపు ఎలా ఉంటుందన్నదే మరిచిపోయాం. శిష్యులకు ఆ శుక్రవారానికీ ఆదివారానికీ మధ్య ఒక శనివారం గడిచింది. వాళ్లకు ఎవరూ ముందుగా భరోసా ఇవ్వలేదు అనడానికి లేదు. ప్రభువే చెప్పాడు, వాళ్లకే తలకెక్కలేదు. సినిమా మీద అంత బరువు మోపడం మా ఉద్దేశం కాదు. ఇన్ఫినిటీ వార్ తర్వాతి ఏడాది గురించి కుర్రాడు చెబుతుంటే ఆ శనివారం మా మనసులో మెదిలింది, అంతే.

ఇక హాలులో ఏం జరిగింది? 2015లో వచ్చిన 'ఏజ్ ఆఫ్ అల్ట్రాన్'లో ఒక విందు ఉంటుంది. థోర్ సుత్తిని యోగ్యుడు తప్ప ఎవరూ ఎత్తలేరని అందరూ పందెం వేసుకుంటారు. కెప్టెన్ అమెరికా పట్టుకున్నప్పుడు అది వెంట్రుకవాసి కదులుతుంది. థోర్ ముఖంలో రంగు మారుతుంది. అంతకుమించి ఏమీ లేదు. అభిమానులు ఆ వెంట్రుకవాసిని నాలుగేళ్లు గుర్తుపెట్టుకున్నారు. ఎండ్‌గేమ్‌లో థోర్ కింద పడి, చావు దగ్గరికి వచ్చినప్పుడు సుత్తి గాలిలోకి లేచి కెప్టెన్ చేతిలోకి వెళ్లి వాలింది. ఆ క్షణంలో హాళ్లలో లేచిన కేకలను జనం ఫోన్లలో రికార్డు చేసుకున్నారు. అమెరికాలో సినిమా నడుస్తుండగా మాట్లాడితే పక్కవాడు గుర్రుగా చూస్తాడంటారు. అక్కడి హాళ్లు ఆ రోజు మన సంధ్య, సుదర్శన్ థియేటర్లలా మారిపోయాయి.

తర్వాత బూడిదైపోయినవాళ్లంతా బంగారు వలయాల్లోంచి ఒక్కొక్కరే నడిచి రావడం. మొదట చెవిలో చిన్న గొంతు, ఆ పైన బ్లాక్ పాంథర్, ఆ వెనక స్పైడర్ మ్యాన్, ఇలా మైదానమంతా నిండిపోతుంది. అందరూ నిలబడ్డాక కెప్టెన్ జట్టును కూడమని పిలుస్తాడు. ఆ రెండు మాటలు బొమ్మల పుస్తకంలో పాత నినాదం. 2015 సినిమాలో అతను ఆ పిలుపు మొదలుపెట్టి సగంలో ఉండగానే తెర చీకటి చేసేశారు! అన్నేళ్ల తర్వాత పూర్తిగా వినబడింది. చివర్లో ఐరన్ మ్యాన్ తనే చిటికె వేసి లోకాన్ని దక్కించుకుని, తాను పోతాడు. అతనికి చిన్న కూతురు ఉంది. అందరి కన్నీళ్లకూ అసలు కారణం ఆ పాప అని మాకు అనిపించింది.

అందరూ మెచ్చుకున్నారని కాదు. అభిమాని కంటే కఠినమైన విమర్శకుడు ఎక్కడా ఉండడు. బ్లాక్ విడో అనే వీరవనిత కూడా ప్రాణం ఇస్తుంది. ఐరన్ మ్యాన్‌కు అంత ఘనంగా అంత్యక్రియలు చేసి, ఆమెకు ఒక్క పువ్వు కూడా పెట్టలేదేమని చాలామంది నొచ్చుకున్నారు. న్యాయమైన మాట. ఓటమి దిగులుతో తాగుడుకు బానిసై ఒళ్లు పెంచుకున్న థోర్‌ను చూపించి జనాన్ని నవ్వించడం కొందరికి నచ్చలేదు. దిగులును నవ్వులాటగా చూడటం మేము చేసిన పొరపాటే కనుక ఈ ఫిర్యాదు మాకు బాగా తగిలింది. తమిళంలో ఐరన్ మ్యాన్‌కు విజయ్ సేతుపతి గొంతు అతకలేదని అక్కడివాళ్లు గోల చేశారు. కెప్టెన్ ముసలివాడై ఎలా తిరిగొచ్చాడన్న లెక్క రాసినవాళ్లు ఒకలా, తీసినవాళ్లు మరోలా చెప్పారు. మాకు ఇప్పటికీ అర్థం కాలేదు. కుర్రాడు కాగితం మీద గీతలు గీసి చెప్పినా సరే.

ఇదంతా వ్యాపారం కాదా అంటే, వ్యాపారమే. 2009లో డిస్నీ సంస్థ సుమారు 400 కోట్ల డాలర్లు పోసి మార్వెల్‌ను కొన్నది ధర్మానికి కాదు. ఎండ్‌గేమ్ మొత్తం వసూళ్లు 279 కోట్ల డాలర్లు. అప్పటిదాకా మొదటి స్థానంలో ఉన్న 'అవతార్'ను దాటించాలని జూన్ చివర్లో కొంచెం ముక్క అతికించి మళ్లీ విడుదల చేశారు. జూలైలో దాటించారు. 2021లో అవతార్ చైనాలో మళ్లీ ఆడి తన స్థానం తాను తీసుకుంది. ఈ పోటీలో మాకు ఏ పక్షమూ లేదు. పాకెట్ మనీ మిగుల్చుకుని నాలుగుసార్లు టిక్కెట్టు కొన్న కుర్రాడిని ఆ విషయంలో మేము మందలించాం కూడా. సినిమా వీరుడిని నెత్తిన పెట్టుకోవడం ఎక్కడికి పోతుందో మన రాష్ట్రాల్లో ఫ్లెక్సీలు, పాలాభిషేకాలు చూసినవాళ్లకు చెప్పనవసరం లేదు. కానీ దేనికి మందలించాలో, దేనికి చేతులు కట్టుకుని వినాలో తెలియకపోతే పిల్లలు మన దగ్గర నోరు విప్పరు. ఆ శనివారం అదే జరగబోయి తప్పింది.

ఎండ్‌గేమ్ చివర పేర్లన్నీ పడ్డాక అలవాటుగా కాచుక్కూర్చున్నవాళ్లకు ఈసారి ఏ సన్నివేశమూ రాలేదు. ఇనుము మీద సుత్తి దెబ్బల చప్పుడు మాత్రం వినబడింది. 2008లో గుహలో బందీగా ఉన్న ఐరన్ మ్యాన్ మొదటి కవచం కొట్టుకున్నప్పటి చప్పుడు అది. పదకొండేళ్లు వెంట నడిచినవాళ్లకే దాని అర్థం తెలుస్తుంది.

2020లో కరోనాతో హాళ్లు, మందిరాలు అన్నీ మూతబడ్డాయి. మేము సెల్‌ఫోన్ ముందు కూర్చుని వాక్యం చెప్పిన నెలలవి. అప్పుడే ఎండ్‌గేమ్‌కు ఏడాది నిండింది. మొదటి రోజు హాళ్లలో రికార్డు చేసిన ఆ కేకలనే జనం మళ్లీ మళ్లీ పెట్టుకుని విన్నారు. సినిమా ఇంట్లో ఎన్నిసార్లయినా చూడొచ్చు. వాళ్లు వెతుక్కున్నది పక్క సీట్లోని మనిషిని. కుర్రాడు మాకు కూడా ఒకటి పంపాడు. ఖాళీ మందిరంలో మైకు ముందు నిలబడి 'ఆమేన్' అన్న ఒక్క గొంతు కోసం మొహం వాచిపోయి ఉన్న మాకు ఆ కేకలు ఎలా వినబడ్డాయో వేరే చెప్పాలా?

ఆ ఆగస్టు 28న చాడ్విక్ బోస్‌మన్ చనిపోయాడు. వయసు 43. పెద్దపేగు క్యాన్సర్. 2016లోనే బయటపడిందట. ఆ సినిమాలన్నీ చికిత్స చేయించుకుంటూనే చేశాడు. రేడియోలో ఆ ఇద్దరు పిల్లల కోసం ఏడ్చిననాడు తన జబ్బు సంగతి అతనికి తెలుసు. వినేవాళ్లకు తెలియదు. మర్నాడు కుర్రాడు ఫోన్ చేశాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మేము కూడా ఫోన్ పట్టుకుని అలాగే ఉండిపోయాం.

అతనికిప్పుడు బెంగళూరులో ఉద్యోగం. చెల్లెలు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. 2025 మార్చిలో ఒక రాత్రి ఆ సోదరి మాకు ఫోన్ చేశారు. ఈసారి గొంతులో నవ్వు. "అన్నయ్యగారూ, పిల్లలిద్దరూ ఫోన్లు కలిపి పెట్టుకుని కుర్చీలు చూస్తున్నారండీ" అన్నారు. ఏం కుర్చీలమ్మా అంటే, 2026 మే 1న రాబోతోందని అప్పట్లో ప్రకటించిన 'ఎవెంజర్స్: డూమ్స్‌డే'లో ఎవరెవరు నటిస్తున్నారో మార్వెల్ వాళ్లు చెబుతున్నారట. చెప్పడం ఎలాగంటే, ఒక కుర్చీ చూపిస్తారు, దాని వెనక ఒక పేరు ఉంటుంది. కాసేపు ఆగి ఇంకో కుర్చీ. అయిదు గంటలకు పైగా ఇదే. మనుషులు కూడా లేరు, ఉత్త కుర్చీలు! లోకం నలుమూలలా జనం నిద్ర మానుకుని కూర్చుని చూశారు.

మర్నాడు పొద్దున్నే ఆమె మళ్లీ చేశారు. పిల్లలతో పాటు తానూ మేలుకుని అంతా చూశారట. "చివరి కుర్చీలో ఎవరు వచ్చి కూర్చున్నారో చెప్పనా అండీ?" అన్నారు.

"వద్దమ్మా, మేమింకా చూడలేదు" అన్నాం.